ఆదిమానవుని జీవితము – మన అహింసా ధర్మము

మన ఇండ్లలో చదువుకొన్న పిల్లలు ఈనాడు తరచుగా అడుగు ప్రశ్న ఒకటి కలదు. "మానవుని పూర్వులు అడవులలో వేటాడి, మాంసము తిని బ్రతికినవారే కదా! మన నోటిలో కోరపండ్లు ఉండనే ఉన్నవి. అట్లయినప్పుడు అహింస మానవునికి సహజ గుణమెట్లగును? అది తరువాత ఎవరో కల్పించిన కట్టుబాటు కాదా?" అని వారు అడుగుదురు. దీనికి పెద్దలు సాధారణముగా రెండు విధములుగా సమాధానము చెప్పుచుందురు. కొందరు "అట్టి మాటలు ఆడరాదు" అని నోరు మూయింతురు. మరికొందరు "ఆ పుస్తకములలో వ్రాసినదంతయు బూటకము" అని కొట్టివేయుదురు. మొదటి సమాధానము విన్న పిల్లవాడు అడుగుట మానును గాని నమ్ముట మొదలుపెట్టడు. రెండవది విన్నవాడు రేపు పుస్తకము తెరచి చూచినప్పుడు, పెద్దలు చెప్పిన తక్కిన మాటలను కూడ శంకించును.

నేను శాస్త్రజ్ఞుడను గాను, పండితుడను గాను. హైస్కూలు చదువు ముగించి అంగడిలో కూర్చున్నవాడను. అయినను మన వృత్తి మనకొక మంచి అలవాటు నేర్పినది. ఎవరైన వచ్చి "మీ పెద్దల పేర ఇంత బాకీ ఉన్నది" అన్నప్పుడు మనము కోపపడము, వెంటనే ఒప్పుకొనము. "కాగితము చూపుడు" అందుము. ఆ కాగితము నిజమైనదా అని మొదట చూతుము. నిజమైనదే అయినచో, ఆ బాకీ మనకు చెందునా అని తరువాత చూతుము. ఈ విషయములోను అట్లే చేయవలెను. మన పూర్వులు నిజముగా హంతకులేనా? వారెట్టివారైనను దానివలన మనకు సంక్రమించునదేమి? ఈ రెండు ప్రశ్నలను వేరువేరుగా విచారించుటయే ఈ వ్యాసోద్దేశము.

ఎముకలు చెప్పు సంగతులు

1974 నవంబరు 24వ తేదీన ఇథియోపియా దేశమునందలి హడార్ అను చోట డొనాల్డ్ జోహాన్సన్ అను శాస్త్రజ్ఞునికి ఒక ప్రాచీన స్త్రీ యొక్క అస్థిపంజరము దొరకెను. అస్థిపంజరములో నూటికి సుమారు 40 వంతులు మాత్రమే మిగిలియుండెను. ఆమెకు "లూసీ" అని పేరు పెట్టిరి. ఆమె జీవించిన కాలము నేటికి సుమారు 32 లక్షల సంవత్సరముల వెనుకటిది. ఆమె ఎత్తు సుమారు 3½ అడుగులు. అనగా మన ఇంటిలో నాలుగైదేండ్ల బిడ్డ ఎత్తు. మెదడు మన మెదడులో మూడవ వంతు మాత్రమే. చేతులు పొడవైనవి. కాని కటి ఎముకను, మోకాలిని పరీక్షించినచో, ఆమె మనవలెనే రెండు కాళ్లపై నిలువుగా నడచినదని స్పష్టమగుచున్నది.

ఆ నడకకు మరియొక సాక్ష్యము టాంజానియా దేశమునందలి లేటోలిలో ఉన్నది. అచట 36 లక్షల ఏండ్లకు పూర్వము ఒక అగ్నిపర్వతము బూడిద చిమ్మెను. వానకు తడిసిన ఆ బూడిదమీద కొందరు నడచిపోయిరి. తరువాత ఆ బూడిద గట్టిపడి రాయి అయినది. 1978లో మేరీ లీకీ బృందమువారు ఆ అడుగుజాడలను బయటపెట్టిరి. పెద్దవారి అడుగుల ప్రక్క చిన్న అడుగులు కూడ కలవు. నాటికి రాతి పనిముట్లు చేయుట వారికి తెలిసినట్లు నిదర్శనము లేదు. నిలువుగా నడచుట ముందు వచ్చినది. మెదడు పెరుగుట ఎంతో కాలము తరువాత వచ్చినది.

అటుపిమ్మట, అనగా నేటికి సుమారు 15 లక్షల ఏండ్ల క్రిందట, శరీరము మనకు దగ్గరైనది. కెన్యా దేశమునందలి తుర్కానా సరస్సునకు పడమట 1984లో కమోయా కిమేయు అను ఆఫ్రికా దేశీయుడు ఒక బాలుని ఎముకలను కనుగొనెను. ఆ బాలుడు పొడగరి, కాళ్లు పొడవైనవి, దూరము నడచుటకు తగిన దేహము. మెదడు మాత్రము మన మెదడులో మూడింట రెండు వంతులుండెను.

ఇట్టివారు మన దేశమునందును నివసించిరి. 1863లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అను భూగర్భ శాస్త్రవేత్త మద్రాసు సమీపమున పల్లావరములో ఒక రాతి పనిముట్టును గుర్తించెను. ఆ యేడే అతిరంపాక్కములో అట్టివి మరికొన్ని దొరకెను. అతిరంపాక్కము పనిముట్లలో ప్రాచీనమైనవి సుమారు 15 లక్షల ఏండ్ల నాటివని 2011లో ప్రకటింపబడెను. మన కర్నూలు ప్రాంతములోని జ్వాలాపురములో, సుమత్రా దీవియందలి టోబా అగ్నిపర్వతము 74,000 ఏండ్ల క్రిందట చిమ్మిన బూడిదకు క్రిందను, మీదను కూడ రాతి పనిముట్లు దొరకినవి.

ఇచట ఒక జాగ్రత్త చెప్పవలసియున్నది. ఎముక ఎత్తును చెప్పును; నడకను చెప్పును; పంటి అరుగుదలను చెప్పును. ముఖములోని క్రూరత్వమును గాని, కన్నులలోని దయను గాని చెప్పదు. పాఠ్యపుస్తకములలో దుడ్డుకర్ర పట్టుకొని పండ్లు కొరుకుచు నిలిచిన ఆదిమానవుని బొమ్మను మనమందరము చూచితిమి. ఆ పండ్లు కొరుకుట చిత్రకారుని ఊహయేగాని ఎముకలలో దొరకినది కాదు.

ఆరోపణ ఎట్లు పుట్టెను?

మానవుడు పుట్టుకతోనే హంతకుడను మాట ఎచటనుండి వచ్చెనో చూతము. 1924లో దక్షిణాఫ్రికాలోని తౌంగ్ అను చోట సున్నపురాతి గనిలో ఒక పసిబిడ్డ పుర్రె దొరకెను. జోహాన్సుబర్గులో శరీర శాస్త్రాచార్యుడుగా ఉన్న రేమండ్ డార్ట్ దానిని పరీక్షించి, ఇది వానరమునకు మానవునికి నడిమి దశకు చెందినదని 1925లో లోకమునకు ప్రకటించెను. దానికి ఆస్ట్రలోపితికస్ అని పేరిడెను. మొదట పండితులు ఆయన మాటను నమ్మలేదు. కాని తరువాత దొరకిన ఎముకలు ఆయన చెప్పినది నిజమని స్థిరపరచెను. ఆయన గొప్ప పరిశోధకుడనుటకు సందేహము లేదు.

అటుపిమ్మట ఆయన మకపాన్స్‌గాట్ అను గుహలో దొరకిన వేలకొలది జంతువుల ఎముకలను పరీక్షించెను. వానిలో కొన్ని రకముల ఎముకలు అత్యధికముగాను, కొన్ని మిక్కిలి తక్కువగాను ఉండెను. ముందుకాలి పైఎముక యొక్క క్రింది కొనలు అనేకము లభించెను. పైకొనలు దాదాపుగా లేవు. దీనికి ఆయన చెప్పిన కారణమేమనగా, ఆ పూర్వులు క్రింది కొనలను గదలుగా వాడుటకు ఏరి తెచ్చుకొనిరని. దవడ ఎముకలు రంపములట, కొమ్ములు బాకులట. 1953లో ప్రకటించిన ఒక వ్యాసములో, వానరుడు మానవుడగుట వేటవలననే, హత్యవలననే సాధ్యమైనదని ఆయన వాదించెను.

ఈ వాదమును రాబర్ట్ ఆర్డ్రే అను అమెరికా నాటకకర్త 1961లో ఒక పుస్తకముగా వ్రాసి దేశదేశముల వ్యాపింపజేసెను. 1968లో వచ్చిన ఒక ప్రసిద్ధ ఇంగ్లీషు చలనచిత్రములో, ఎముకను ఆయుధముగా పట్టి తోటివానిని కొట్టి చంపుటతోనే మానవ చరిత్ర ఆరంభమైనట్లు చూపిరి. రెండు మహాయుద్ధములు చూచిన లోకమునకు ఈ మాట నమ్మదగినదిగానే తోచియుండును. అంతేగాక ఇందులో ఒక సౌకర్యమున్నది. హింస మన రక్తములోనే ఉన్నదన్నచో, ఎవడును తాను చేసిన దానికి జవాబు చెప్పనక్కరలేదు కదా!

తనిఖీలో తేలిన నిజము

ఆ లెక్కను తిరిగి తనిఖీ చేసినవాడు సి. కె. బ్రెయిన్. ఆయన ప్రిటోరియా నగరమునందలి ట్రాన్స్‌వాల్ మ్యూజియములో పనిచేసిన శాస్త్రజ్ఞుడు. ఆయన తనిఖీ చేసిన పద్ధతి వ్యాపారులమైన మనకు బాగుగా అర్థమగును. నమీబియా దేశములో కుయిసెబ్ నది ఒడ్డున మేకలను పెంచుకొను ప్రజల పల్లెలు కలవు. ఆయన అచటికి పోయి, వారు తిని పారవేసిన మేక ఎముకలను, కుక్కలు కొరికి విడిచిన ముక్కలను ఏరి, ఏ ఎముక ఎన్ని మిగిలెనో లెక్కపెట్టెను. గదలు చేసికొనుటకు ఆ ఎముకలను ఎవరును ఏరియుండలేదు. అయినను లెక్క మకపాన్స్‌గాట్ గుహ లెక్కవలెనే వచ్చెను. క్రింది కొనలు ఎక్కువ, పైకొనలు తక్కువ! కారణము సులభమైనది. క్రింది కొన గట్టిది గనుక నిలిచినది. పైకొన మెత్తనిది గనుక కుక్కలు నమలివేసినవి. ఆయుధశాల అని డార్ట్ అనుకొన్నది జంతువులు కొరికి విడిచిన ఎముకల మిగులు మాత్రమే.

బ్రెయిన్ అంతటితో ఆగలేదు. 1965 నుండి స్వార్ట్‌క్రాన్స్ అను గుహలో ఏండ్ల తరబడి త్రవ్వకములు సాగించెను. ఆ గుహలో పూర్వము దొరకిన ఒక పిల్లవాని పుర్రె ముక్కపై రెండు రంధ్రములుండెను. అవి ఆయుధపు దెబ్బలని కొందరు అనుకొనిరి. ఆయన ఒక చిరుతపులి క్రింది దవడను తెచ్చి ఆ రంధ్రములకు ఆనించి చూచెను. రెండు కోరలును ఆ రెండు రంధ్రములకు సరిపోయెను. ఆ పిల్లవానిని చంపినది తోటి మానవుడు కాదు, చిరుతపులి. 1981లో ఆయన తన పరిశోధనను గ్రంథముగా ప్రకటించి, దానికి "వేటగాండ్రా, వేటాడబడినవారా?" అను అర్థము వచ్చు పేరు పెట్టెను.

ఇక డార్ట్ గారి వాదమునకు మూలమైన తౌంగ్ పసిబిడ్డ సంగతి. 1995లో లీ బెర్గర్, రాన్ క్లార్క్ అను ఇరువురు, ఆ బిడ్డను ఒక పెద్ద గ్రద్ద జాతి పక్షి ఎత్తుకొనిపోయి చంపినదని ప్రతిపాదించిరి. గ్రద్దలు కోతులను చంపినప్పుడు కంటిగుంటలలో పడు గుర్తులవంటివే ఆ పుర్రెలోను ఉన్నవని 2006లో బెర్గర్ చూపెను. హంతకుల జాతివాడని ఎవనిని చూపి లోకము చెప్పుకొనెనో, ఆ మూడు నాలుగేండ్ల బిడ్డ స్వయముగా ఒక పక్షికి ఆహారమైనవాడు.

కావున మొదటి కాగితము నిలువలేదు. మన అతి ప్రాచీన పూర్వులు రక్తపిపాసులు కారు. పొట్టివారు, బలహీనులు, రాత్రియైనచో చిరుతపులికి, పగలైనచో గ్రద్దకు భయపడి బ్రతికినవారు.

దాచరాని పద్దు

మనకు అనుకూలమైన పద్దును చూపి తక్కినదానిని దాచుట మంచి వ్యాపారి లక్షణము కాదు. తరువాతి కాలపు పూర్వులు మాంసము తినిరనుటకు బలమైన నిదర్శనములున్నవి. ఇథియోపియాలోని గోనా అను చోట 26 లక్షల ఏండ్ల నాటి రాతి పనిముట్లు దొరకినవి. ఆ దేశమునందే బౌరీ అను చోట సుమారు 25 లక్షల ఏండ్ల నాటి జంతువుల ఎముకలపై రాతితో కోసిన గాట్లు కలవు. ఇంకను తరువాతి కాలమున జర్మనీ దేశమునందలి షోనింగెన్‌లో వాడియైన కొయ్య ఈటెలు గుర్రముల ఎముకలతో కూడ దొరకెను. వారు వేటాడిరి. ఇది ఒప్పుకొనవలసినదే.

అయితే వారు మాంసము మాత్రమే తినలేదనుటకును అంతే బలమైన నిదర్శనములున్నవి. ఇరాక్ దేశమునందలి షానిదార్ గుహలో నియాండర్తల్ జాతి మానవుల ఎముకలు దొరకెను. వారిలో ఒకని పంటిగారను పరీక్షింపగా, ఖర్జూర జాతి చెట్టు అవశేషములు, గడ్డిగింజల పిండిపదార్థము, కాయధాన్యముల పిండిపదార్థము కనబడెననియు, అందు కొంత ఉడికించినదనియు 2011లో తేలెను. దక్షిణాఫ్రికాలోని వండర్‌వెర్క్ గుహలో 10 లక్షల ఏండ్ల క్రిందటనే నిప్పు వాడిన గుర్తులున్నవి. దొరకినది తినుట, ఉడికించుకొని తినుట – ఇదియే వారి జీవనము.

కోరపండ్ల మాట కూడ చూతము. గొరిల్లాకు మనకన్న ఎన్నో రెట్లు పెద్ద కోరలున్నవి. అది ప్రధానముగా ఆకులు, కాడలు, పండ్లు తిని బ్రతుకును. ఆ కోరలు తమలో తాము బెదరించుకొనుటకే గాని మాంసము చీల్చుటకు కావు. మన కోరపండ్లు తక్కిన పండ్లతో సమానమగునంత చిన్నవైనవి. కోరపన్ను చూచి ఆహారమును నిర్ణయించుట, గోనెసంచిపై ముద్ర చూచి లోపలి సరకును నిర్ణయించుట వంటిది.

ఇంకొక కష్టమైన పద్దు కలదు. 1959లో టాంజానియాలోని ఓల్డువాయి లోయలో మేరీ లీకీకి ఒక పుర్రె దొరకెను. దాని దంతములు తిరుగటిరాళ్లవలె వెడల్పైనవి. ఆ జాతి గడ్డి, తుంగ వంటివానిని నమలి బ్రతికినది. ఆ జాతి నేటికి 10 లక్షల ఏండ్లకు పూర్వమే నశించెను. మాంసము కూడ తినిన మన జాతి నిలిచెను. "చూచితిరా! శాకాహారి నశించెను, మాంసాహారి మిగిలెను" అని ఎవరైన అనవచ్చును. అనినచో మన జవాబేమి? నిలిచినంత మాత్రమున న్యాయమగునా? కరువు కాలములో ధాన్యము దాచి అమ్మినవాని అంగడి నిలువవచ్చును. అరువిచ్చి ఆదుకొనినవాని అంగడి మూతపడవచ్చును. అంతమాత్రమున మొదటివాడు ధర్మాత్ముడని మనము అందుమా? లాభనష్టముల లెక్క వేరు, పుణ్యపాపముల లెక్క వేరు. ఈ రెండింటిని ఒకే ఖాతాలో వ్రాయరాదు.

ఎముకలలో దయ కనబడునా?

జార్జియా దేశమునందలి ద్మనిసి అను చోట సుమారు 17 లక్షల ఏండ్ల నాటి ఒక వృద్ధుని పుర్రె దొరకెను. దాని వివరములు 2005లో ప్రకటింపబడెను. ఒక్క పన్ను తప్ప తక్కినవన్నియు అతడు బ్రతికియుండగనే ఊడిపోయెను. పండ్ల గుంటలు ఎముకతో పూడిపోయియుండెను. అనగా పండ్లు పోయిన తరువాతను అతడు కొన్ని సంవత్సరములు జీవించెను. తోటివారు ఆహారమును మెత్తగా దంచి ఇచ్చియుందురని కొందరు శాస్త్రజ్ఞులు తలచుచున్నారు. మెత్తని ఆహారము తానే వెదకుకొనియుండవచ్చునని మరికొందరు అనుచున్నారు. రెండును సాధ్యమే.

ఇంతకన్న స్పష్టమైన సాక్ష్యము ఇదివరకు చెప్పిన షానిదార్ గుహలోనే ఉన్నది. 1957లో రాల్ఫ్ సొలెకీ బృందమునకు అచట ఒక పురుషుని అస్థిపంజరము దొరకెను. అతని ఎడమ కంటి ప్రక్క చిన్నతనములోనో యౌవనములోనో పెద్ద దెబ్బ తగిలియుండెను. ఆ కన్ను కనబడియుండదు. కుడిచేయి ఎండిపోయి, మోచేతి దగ్గర తెగిపోయియుండెను. కాలు కుంటిది. చెవులు కూడ సరిగా వినబడియుండవని 2017లో చేసిన పరీక్షలో తేలెను. ఈ గాయములన్నియు మానిన తరువాత అతడు ఎన్నో యేండ్లు జీవించి, సుమారు 40 ఏండ్ల వయస్సులో మరణించెను. క్రూరమృగములు తిరుగు అడవిలో, ఒంటికన్నుతో, ఒంటిచేతితో, కుంటికాలితో, చెవిటివాడై ఒక మనుష్యుడు ఒంటరిగా అంతకాలము బ్రతుకగలడా? ఎవరో అతనికి అన్నము పెట్టిరి. ఎవరో అతనికొరకు నడక ఆపి నిలిచిరి.

అదే గుహలో మరియొక పురుషుని ప్రక్కటెముకపై వాడియైన మొనతో పొడిచిన గాయమున్నది. అది తోటివాడు చేసినదే కావచ్చును. ఒకే గుహ; ఒకే జాతి. ఒకచో ఈటెపోటు, ఒకచో సేవ. ఇంతకన్న సత్యమైన మానవ చిత్రము నాకు తెలియదు. హింసించుటయు, ఆదుకొనుటయు – రెండును మన పూర్వులకు చేతనైనవే. రెండును మనకును చేతనైనవే. జీవులు ఒండొరులకు ఉపకారము చేసికొనవలెనని ఉమాస్వాతి ఆచార్యులు తత్త్వార్థసూత్రమున చెప్పిన ధర్మమును వినని కాలములోనే, ఒక కుంటివానికొరకు కొందరు ఆగి నిలిచిరి. ఈ సంగతి ధర్మమునందు నా నమ్మకమును పెంచినదేగాని తగ్గింపలేదు.

వారసత్వమునకు హద్దు

ఇక రెండవ ప్రశ్న. వారు వేటాడిరి గనుక మనము హింస చేయవచ్చునా?

పూర్వులకు అక్షరములు లేవు. అయినను మన పిల్లలకు చదువు వద్దని ఎవరును అనరు. వారికి వైద్యశాలలు లేవు. బిడ్డకు జ్వరము వచ్చినప్పుడు "మన పూర్వులు మందు వేసికొనలేదు" అని ఊరకుండువాడు లేడు. వారికి తక్కెడయు, తూకపురాళ్లును లేవు. అందుచేత తూకములో మోసము సహజమని వాదించువానిని మన బజారులో నిలువనీయము. ఇన్ని విషయములలో పూర్వుల అలవాటును ప్రమాణముగా తీసికొననివాడు, నాలుక రుచి విషయములో మాత్రము లక్షల ఏండ్ల వెనుకటి పూర్వుని సాక్షిగా పిలుచుట వింతగా లేదా? ఆ సాక్షిని పిలుచుచున్నది శాస్త్రము కాదు, కోరిక.

శాస్త్రము "ఇట్లు జరిగినది" అని చెప్పును. "ఇట్లు చేయవలెను" అని చెప్పుట దాని పని కాదు. జరిగినది ఏదో తెలిసికొనుటకు ఎముక చాలును; చేయవలసినది ఏదో తెలిసికొనుటకు ఎదుటి ప్రాణి బాధను చూడగల మనస్సు కావలెను. ఈనాడు మనకు ధాన్యమున్నది, పప్పున్నది, నూనెయున్నది, పాలున్నవి. చంపకయే బ్రతుకు మార్గమున్నది. మార్గము లేనివాడు చేసిన పని, మార్గమున్నవాడు చేసిన పని ఒకటి కావు. మంచుదేశములో ఆకలితో ఈటె పట్టినవానిని నిందించుటకు నాకు మనస్సు రాదు. వాని పేరు చెప్పుకొని నిండు కడుపుతో చంపువానిని సమర్థించుటకును మనస్సు రాదు.

మన పురాణములు ఆది మానవులను వేరు విధముగా వర్ణించినవి. భోగభూమిలో కల్పవృక్షముల క్రింద సుఖముగా జీవించిన మహాకాయులు వారు. ఎముకలు చూపువారు 3½ అడుగుల వారు. ఈ రెండింటిని బలవంతముగా ఒకటి చేయుట నా ఉద్దేశము కాదు. కాని జినసేనాచార్యుల ఆదిపురాణములో ఒక విషయము గమనింపదగినది. కల్పవృక్షములు అంతరించి ప్రజలు ఆకలితో అలమటించినప్పుడు, వృషభదేవుడు వారికి అసి, మసి, కృషి, విద్య, వాణిజ్యము, శిల్పము అను ఆరు వృత్తులను నేర్పెను. మన వాణిజ్యము కూడ అందొకటి. ఈ కథనే క్రీ. శ. 941లో పంపమహాకవి కన్నడమున ఆదిపురాణముగా రచించెను. కుర్క్యాల శాసనములో తెలుగు కందపద్యములను చెక్కించిన జినవల్లభుడు ఆయన తమ్ముడే. ఈ కథలో నాకు ముఖ్యముగా తోచినది "నేర్పెను" అను మాట. మంచి జీవనము రక్తములో రాలేదు. ఒకరు నేర్పగా, మరియొకరు నేర్చుకొనగా వచ్చినది.

దిగంబర సంప్రదాయములోని ఉత్తరపురాణమున ఇంకొక కథ కలదు. మహావీరస్వామి జీవము పూర్వజన్మలలో ఒకప్పుడు సింహముగా పుట్టి అడవిలో వేటాడుచుండెను. ఇద్దరు చారణ మునులు వచ్చి దానికి ధర్మోపదేశము చేసిరి. సింహమునకు తన పూర్వజన్మ జ్ఞప్తికి వచ్చెను. అది హింసను విడిచి, వ్రతము పూని, నిరాహారముగా దేహమును చాలించెను. "నా కోరలు చూడుడు, నా గోళ్లు చూడుడు, ఇది నా స్వభావము" అని వాదించుటకు లోకములో ఎవరికైన హక్కున్నచో అది సింహమునకే ఉన్నది. అది వాదింపలేదు, విడిచెను. మహావీరస్వామి ప్రతిమ పీఠముపై సింహ లాంఛనమును చూచినప్పుడెల్ల నాకు ఈ కథయే జ్ఞప్తికి వచ్చును. ప్రతి జీవమును గతములో అనేక యోనులలో తిరిగివచ్చినదే అని నమ్ము మనకు, "మీ పూర్వులు మృగములు" అను మాట అవమానము కానేకాదు. గతము మృగమైనను ముందుదారి మూసికొనిపోలేదనుటయే మన మతము.

కత్తికి రెండవ అంచు

ఈ వాదమును ఇంతటితో ముగించినచో మనకు మిక్కిలి సుఖముగా ఉండును. కాని దీనికి రెండవ అంచు కూడ ఉన్నది. పూర్వులు చేసిన హింస మనకు అంటనట్లయినచో, పూర్వులు పాటించిన అహింస మాత్రము మనకు అంటునా?

తాతముత్తాతల నుండి మాంసము ముట్టని వంశములో పుట్టితిమి అని మనము గర్వముతో చెప్పుకొందుము. పుట్టుకతో వచ్చినదానికి మన కష్టమేమున్నది? తండ్రి కుమారునికి అంగడినీయగలడు, సరకునీయగలడు, కొంతకాలము తన పరపతిని కూడ ఈయగలడు. కాని తండ్రి పరపతి ఎన్నాళ్లు నిలుచును? కుమారుడు తక్కెడ పట్టిన తరువాత జనులు చూచునది కుమారుని చేతినే. ధర్మము కూడ అట్టిదే. సూర్యాస్తమయమునకు ముందే భుజించి, నీరు వడగట్టి త్రాగి, చీమను తొక్కకుండ నడచి, ఆ అంగడిలోనే హమాలీకి ఈయవలసిన కూలి వారము తరబడి నిలుపువాడు ఏ పురుగును చంపలేదు గాని ఒక ఇంటి పొయ్యి ఆర్పినవాడు. అప్పుపడిన రైతు నోటి మాట తెలియనితనమును ఆధారము చేసికొని వడ్డీ లెక్క పెంచువాడు రక్తము చిందింపలేదు, అయినను హింసకుడే. పలుకులో, తలపులో కలుగు హింసను కూడ హింస అనియే మన శాస్త్రము లెక్కించినది కదా!

షానిదార్ గుహలో ఆ కుంటివానికి అన్నము పెట్టినవాడు మాంసము తినినవాడే కావచ్చును. మన వీధిలో పడియున్న రోగిని తప్పించుకొని నడచిపోవువాడు శుద్ధ శాకాహారి కావచ్చును. ఆ సమయమున ఆ ఇద్దరిలో అహింసకు దగ్గరగా నిలిచినవాడెవడో ఎవరికి వారే ఆలోచించుకొనవలెను. ఈ మాట ఆహార నియమమును తక్కువ చేయుటకు చెప్పుట లేదు. నియమము మెట్టు, మెట్టుమీదనే కూర్చుండిపోవువాడు మేడ ఎక్కడు.

కావున మన పిల్లలు ఈ ప్రశ్న అడిగినప్పుడు పెద్దలు భయపడనక్కరలేదు. ఎముకల పుస్తకములను వారితో కూడ కూర్చుండి చదువవచ్చును. "అవును నాయనా, వారు వేటాడిరి, వేటాడబడిరి కూడ. కొందరు పొడిచిరి, కొందరు మోసికొనిపోయిరి. వారిలో ఎవరివలె ఉండవలెనో నీవే ఏరుకొనవలెను" అని చెప్పవచ్చును. తరువాత ఆ పిల్లవాడు మన ముఖము చూచును. మన మాటలను కాక, మన తక్కెడను, మన పద్దుపుస్తకమును, మన పనివారితో మనము మాట్లాడు తీరును చూచును. వానికి కావలసిన సమాధానము అచట ఉన్నచో, వేరు వాదము అక్కరలేదు. అచట లేనిచో, మనము ఎన్ని గ్రంథములు చూపినను ప్రయోజనము లేదు.